కాళిని వదిలిందెవరు?

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ ఆదివారం బెంగుళూరు కస్తూర్బా రోడ్డులో వానకి చిక్కుకుని, పక్కనే ఉన్న ప్రభుత్వ మ్యూజియంలోకి దూరాను. చరిత్ర మీద ప్రేమతో కాదు, గొడుగు లేక. లోపల శాసనాల దగ్గర ఒక రాతి ముందు ఆగిపోయాను. దాని మీద ఒక కుక్కా, ఒక అడవిపందీ కలబడుతున్న బొమ్మ ఉంది. రాజు లేడు, దేవుడు లేడు. చుట్టూ పాత కన్నడ అక్షరాలు. కన్నడం అప్పటికి నాకు ఆటోవాళ్లతో బేరమాడేంత మాత్రమే వచ్చు, పాత కన్నడం సంగతి చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి వెతుక్కున్నాను. అప్పట్నుంచీ ఆ కుక్క నన్ను వదల్లేదు. ఈ టపా దాని గురించే.

అది ఆతకూరు శాసనం. క్రీ.శ. 949-50 నాటిది. ఆతకూరు ఇప్పటి మండ్య జిల్లాలో ఉంది. కథేమిటంటే, రాష్ట్రకూట రాజు మూడో కృష్ణుడికీ చోళులకీ తక్కోలం దగ్గర (మన చిత్తూరు సరిహద్దు దాటితే ఎంతో దూరం కాదు) పెద్ద యుద్ధం జరిగింది. కృష్ణుడి తరఫున గంగరాజు రెండో బూతుగుడు చోళ రాజకుమారుడు రాజాదిత్యుణ్ణి చంపాడు. బూతుగుడి దగ్గర మణలెర అనే వీరుడున్నాడు. అతని పరాక్రమానికి మెచ్చి, ఏం కావాలో కోరుకోమంటే అతను కోరింది 'కాళి' అనే వేటకుక్కని. (ఊళ్లు కూడా దక్కాయిలెండి, ఆ సంగతీ అదే రాతి మీద ఉంది. కానీ నోరు తెరిచి అడిగింది మాత్రం కుక్కని.) తర్వాత ఒకరోజు ఒక గుట్ట మీద పెద్ద పంది మీదికి కాళిని వదిలారు. పందీ కుక్కా రెండూ కలిసి చచ్చిపోయాయి. కాళి కోసం గుడి ముందు రాయి నిలబెట్టించి, భూమి రాసి, అక్కడి పూజారి ఆ రాతికి పూజ చెయ్యకుండా అన్నం తింటే పాపమని కూడా చెక్కించారు.

వెయ్యేళ్ల కిందటి కుక్క. పేరుతో సహా మిగిలింది.

ఇది చదివి ముచ్చటపడి ఊరుకునేవాణ్ణే. కానీ ఒక ప్రశ్న బుర్రలో ఉండిపోయింది. ఒక కుక్క అంత పెద్ద పందిని ఎందుకు పట్టుకోవాలి? తరమొచ్చు, చుట్టూ తిరిగి మొరగొచ్చు, మనిషి ఈటెతో వచ్చేదాకా ఆపొచ్చు. నేరుగా మీద పడి పట్టుకుని చావటమెందుకు? దానికి జవాబు వెతుకుతూ వెళ్తే వేటకుక్కల్లో రెండు వేర్వేరు ఉద్యోగాలున్నాయని తెలిసింది.

ఒకటి వెతికే కుక్క. వాసన పట్టి జంతువుని కనుక్కుంటుంది, తరుముతుంది, చివరికి ఎక్కడో నిలబెట్టి చుట్టూ తిరుగుతూ అరుస్తుంది. దాని ఆయుధం గొంతు. భారతంలో ఏకలవ్యుడి బాణాలు తిన్న కుక్కని గుర్తు తెచ్చుకోండి. పాండవుల వేటబృందం కంటే ముందు వెళ్లింది, కొత్త మనిషిని చూసి మొరిగింది. అది తన పని తాను చేసింది పాపం, శిక్ష పడింది. రెండోది పట్టే కుక్క. ఇది వెతకదు, మొరగదు. వెతికే కుక్కలు జంతువుని నిలబెట్టాక, అప్పుడు దీన్ని వదులుతారు. ఇది నిశ్శబ్దంగా వెళ్లి చెవో చెంపో పట్టుకుని, మనిషి వచ్చేదాకా వదలదు. అంతే దాని పని. పందిని చంపడం కూడా దాని పని కాదు, కదలకుండా పట్టి ఉంచటమే.

చెవి ఎందుకంటే, పంది తల తిప్పకుండా కోర ఆడించలేదు. మగపంది కింది కోరలు పై కోరలకి రాసుకుని ఎప్పటికప్పుడు సానబడుతూ ఉంటాయి. పైకి విదిలిస్తే కత్తిలా కోస్తాయి. భుజాల మీద మందపాటి చర్మపు డాలు ఉంటుంది, అక్కడ ఎంత కరిచినా లాభం లేదు. కుక్క చెవి దగ్గర పట్టుకుని తన ఒంటిని పంది ఒంటికి ఆనించి ఉంచితే కోర గాలిలో ఆడుతుంది. ముక్కు మీద ఎదురుగా పట్టుకుంటే కోర నేరుగా గొంతులోకి వస్తుంది. ఇది కుక్కకి మనం నేర్పగలిగేది కాదు. పెద్ద కుక్కల పక్కన ఉండి, చిన్న పందుల మీద అలవాటుపడి, తనకు తానే నేర్చుకోవాలి. అందుకే అనుభవమున్నవాళ్లు పిల్లకుక్కని పెద్ద మగపంది దగ్గరికి పోనివ్వరు. మొదటి దెబ్బే గట్టిగా తగిలితే అది ఇక జన్మలో పంది వైపు చూడదు, లేదా పిచ్చి ధైర్యంతో రెండోసారికే చస్తుంది.

ఇంతకీ శిక్షకుడు నేర్పేదేమిటీ అంటే, నాకు ఆశ్చర్యమేసింది, ఎక్కువభాగం 'ఏం చెయ్యకూడదో'నే. తాడు మీద ఉన్నప్పుడు గింజుకోకూడదు. అరవకూడదు. పక్క కుక్కలతో కొట్టుకోకూడదు. మేకల్ని, ఆవుల్ని ముట్టుకోకూడదు. పట్టుకున్నాక మనిషి చెబితే వదలాలి. ఈ చివరిది అన్నిటికంటే కష్టం. పట్టు వదలకపోవడమే దాని గుణమైనప్పుడు, వదలమంటే ఎలా వదులుతుంది? దవడల మధ్య వెనక పళ్ల దగ్గర ఒక చెక్క ముక్క దూర్చి తిప్పి నోరు తెరిపిస్తారు. అమెరికాలో పందుల వేటకి పోయేవాళ్ల నడుములకి ఇప్పటికీ ఈ చెక్క వేలాడుతూ ఉంటుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది వదిలే సమయం. వెతికే కుక్కలు పందిని నిలబెట్టకముందే పట్టే కుక్కని వదిలితే, అది పరుగెత్తే పందిని ఒంటరిగా అందుకుంటుంది. పంది తిరుగుతుంది. తక్కినవి అందేలోపు పని అయిపోతుంది. ఆలస్యంగా వదిలితే పంది అలుపు తీర్చుకుని మళ్లీ పరుగు మొదలుపెడుతుంది. పైగా బరువైన కుక్క ఎండలో దూరం పరుగెత్తలేదు, పంది కోర కంటే ముందు వడదెబ్బే చంపగలదు. అందుకే దాన్ని చివరిదాకా తాడు మీద నడిపిస్తారు. ఇదంతా నాకు కోడ్ ప్రొడక్షన్‌లోకి వదలడం లాగే అనిపించింది. శుక్రవారం సాయంత్రం మేనేజరు ఫోన్ చేసి వదులు వదులు అంటుంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి తెలుసు. :-) కాకపోతే అక్కడ వెనక్కి తీసుకునే వీలు లేదు.

సరే, చరిత్రకొద్దాం. ఈ పనికోసమే పెంచిన కుక్కల గురించి ఐరోపాలో వివరంగా రాసినవాడు ఫ్వా ప్రాంతపు ప్రభువు గాస్టన్ ఫీబస్. 1387లో వేట మీద పుస్తకం మొదలుపెట్టాడు, 1391లో ఎలుగుబంటి వేట నుంచి వచ్చిన రోజే పోయాడు. ఆ పుస్తకాన్ని యార్క్ ప్రభువు ఎడ్వర్డ్ 1406-1413 మధ్య చాలావరకు ఇంగ్లీషులోకి తెచ్చాడు. అందులో 'అలాంట్' అనే జాతి గురించి ఉంటుంది. పెద్ద తల, వేలాడే పెదాలు, పట్టుకుంటే వదలని స్వభావం. మన పట్టే కుక్కే. కానీ ఆ ప్రభువులకి వాటి మీద ఏమాత్రం గౌరవం లేదు. తెలివితక్కువవి, తిక్కవి, పశువుల మీద పడతాయి, యజమానినే చంపిన దాన్ని చూశానని కూడా రాసుకున్నారు. వాటిలో మొరటు రకం గురించైతే, ఇవి అందవిహీనంగా ఉంటాయి కాబట్టి పంది చేతిలో చచ్చినా పెద్ద నష్టమేం లేదని తేల్చేశారు.

చదివినప్పుడు ఒళ్లు మండింది. అదే పని చేసి అదే రకంగా చచ్చిన కుక్కకి ఇక్కడ గుడి ముందు రాయి, అక్కడ 'పెద్ద నష్టం లేదు'. వెంటనే మన దక్షిణాది సంస్కారం ఎంత గొప్పదో అని ఒక పేరా రాసేశాను కూడా. తర్వాత కొట్టేశాను. ఎందుకంటే మనవాళ్లలో 'కుక్క' అనేది తిట్టు, 'కుక్క చావు' ఇంకా పెద్ద తిట్టు. ఒక్క ఆతకూరు చూపించి వెయ్యేళ్ల దయ క్లెయిమ్ చెయ్యడం కుదరదు. పైగా అదే ఐరోపాలో తర్వాతి రోజుల్లో మంచి పందికుక్కలకి దళసరిగా కుట్టిన బొంత కోట్లు తొడిగారు. జర్మనీలో కోబుర్గ్ కోటలాంటి చోట్ల అవి ఇప్పటికీ దాచి ఉంచారు. కోటు ఎవరికి తొడుగుతాం? పోతే నష్టమనుకున్నదానికే కదా.

పేరు మిగలడం కూడా మంచి గుర్తేం కాదు. కాళి తర్వాత చరిత్రలో బాగా పేరు మిగిలిన పట్టే కుక్కలెవరా అని చూస్తే, స్పెయిన్ వాళ్లు అమెరికా ఖండానికి తీసుకెళ్లినవి తగిలాయి. ప్యూర్టోరికోలో పోన్స్ ద లియోన్ కుక్క బెసెరిల్లో. దాని పిల్ల లియోన్సికో, బాల్బోవాది. ఆ లియోన్సికోకి సిపాయికిచ్చినట్టు దోపిడీలో వాటా లెక్కగట్టారు, ఆ డబ్బు యజమాని జేబులోకి పోయిందనుకోండి. ఇవి పట్టింది పందుల్ని కాదు, మనుషుల్ని. 1513లో పనామాలో బాల్బోవా నలభై మంది దాకా స్థానికుల మీదికి కుక్కల్ని వదిలాడు. పట్టుకుని వదలని స్వభావం కుక్కది. ఎవరిని పట్టాలన్నది మాత్రం తాడు పట్టుకున్నవాడిదే. ఈ విషయంలో కుక్క మీద నేరం మోపడానికి నాకు నోరు రాదు.

1539లో దె సోతో ఫ్లోరిడాలో దిగినప్పుడు ఓడల్లో ఇలాంటి కుక్కలతో పాటు పందులు కూడా దిగాయి. తిండికోసం తోలుకెళ్లిన పందులు. దారిలో కొన్ని తప్పించుకున్నాయి. తర్వాత వలస రైతులు అడవికి వదిలి మేపినవి, వేటగాళ్లు తెచ్చి వదిలినవి అన్నీ కలిసి ఇప్పుడు అమెరికాలో అరవై లక్షలు దాటాయని అక్కడి వ్యవసాయ శాఖ అంచనా. వాటిని పట్టడానికి వాడేది అమెరికన్ బుల్‌డాగ్ లాంటి కుక్కల్ని. వెతకడానికి క్యాటహూలాలు, నల్లమూతి కర్‌లు. మెడకి జీపీఎస్ పట్టీ, ఛాతీకి కోరదిగని గుడ్డతో చేసిన చొక్కా. అంటే కోబుర్గ్ బొంత కోటే, మిల్లు మారింది. న్యూజిలాండ్‌లో కథ ఇంకోలా ఉంది. అక్కడ అడవిపందిని ఇప్పటికీ 'కెప్టెన్ కుక్కర్' అంటారు, 1770ల్లో కుక్ తెచ్చాడని. (మన ప్రెషర్ కుక్కరుకి సంబంధం లేదు.) అక్కడ ఎగరలేని కివీ పక్షుల్ని కుక్కలు చంపేస్తున్నాయని, పందికుక్కలకి కివీ అంటే భయం పుట్టేలా కరెంటు పట్టీతో తర్ఫీదు ఇస్తారు. కివీలుండే ప్రభుత్వ అడవుల్లోకి కుక్కతో పోవాలంటే ఈ తర్ఫీదు అయినట్టు కాగితం చూపించాలి. మళ్లీ అదే, ఏం పట్టకూడదో నేర్పడం.

మన దగ్గరా ఈ విద్య రాజుల కాలంలో పుస్తకాలకెక్కింది. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో కూర్పించిన మానసోల్లాసంలో రాజుల వినోదాల కింద కుక్కల వినోదానికి విడిగా చోటుంది. మన ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడి వేటలో కుక్కలు లేకపోతే వేటే లేదు. తర్వాత పాలెగాళ్ల రోజుల్లో తమిళదేశంలో కోంబై, రాజపాళయం లాంటి కుక్కలు పందుల వేటకి పేరుమోశాయి. రాజపాళయంలో ఒక తెలుగు ముక్క ఉంది. ఆ ఊరిని విజయనగర కాలం తర్వాత నిలబెట్టింది ఇటునుంచి వెళ్లిన రాజులు, ఇప్పటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడతారు. తెల్లటి ఒళ్లు, గులాబీరంగు ముక్కు ఉన్న ఆ కుక్క 2005లో తపాలా బిళ్ల మీదికి ఎక్కింది. ముధోల్ కూడా ఎక్కింది గానీ, అది కళ్లతో చూసి తరిమే సన్నకుక్క, పట్టేది కాదు. రెండిటినీ ఒకే గాటన కట్టి 'వీరజాతి శునకాలు' అని ఫార్వర్డ్‌లు పంపేవాళ్లకి ఈ తేడా చెప్పినా వినరు.

అడవి జంతువుల వేట 1972 చట్టంతో ఆగిపోయింది. కుక్కలతో తరమడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. ఆగడం మంచిదే అని నా అభిప్రాయం, ఇందులో నాకు రెండో మాట లేదు. అంతకుముందు మా పలమనేరు వైపు పల్లెల్లో సంక్రాంతి వెళ్లాక పారువేట అంటే నిజంగానే వేట. తిరుమలలో, అహోబిలంలో స్వామివారి ఉత్సవంగా ఇప్పటికీ మిగిలిన పారువేట పేరు అక్కడిదే. ఊరంతా వలలు, ఈటెలు, కుక్కలు పట్టుకుని గుట్ట మీదికి పోయేవాళ్లట. మా తాతకి ఇప్పుడు ఎనభై దాటాయి. కుర్రతనంలో ఆయనా పోయేవాడని తెలుసు గానీ, ఏనాడూ వివరం అడగలేదు. ఈ కాళి పిచ్చి పట్టాక పోయిన సంక్రాంతికి అడిగాను.

"మా దగ్గర ఒకటుండేదిరా, పట్టేది" అన్నాడు. చెనిక్కాయ చేన్లోకి పందులు దిగితే మంచె దగ్గర ఇతర కుక్కలు అరుస్తుంటే అది మాత్రం కిమ్మనకుండా ఈయన కాళ్ల దగ్గర కూర్చునేదట. మెడపట్టీలోంచి తాడు దూర్చి రెండు కొసలూ చేతిలో పట్టుకునేవాడు. సమయం వచ్చినప్పుడు ఒక కొస వదిలితే తాడు జారి చేతిలో మిగులుతుంది, కుక్క పోతుంది. ముడి విప్పే పని లేదు. ఇంగ్లండులో పరుగుకుక్కల్ని వదిలేదీ ఇదే పద్ధతిలో అని చదివాను. మా తాత ఎవరి పుస్తకమూ చదవలేదు. గాయమైతే గోనె సూదితో కుట్టి పసుపు అద్దేవాడట. దాని పొట్ట మీద మూడు కుట్లచారలు ఉండేవని వేలితో తన పొట్ట మీదే చూపించాడు.

"ఎట్ల పోయింది తాతా?"

"పారువేట నాడు. పంది ఇంకా నిలబళ్లే. వంకలో ఉరుకుతా ఉంది. మన కుక్కలు వెనకాలే ఉండాయి, అందలే. గట్టు మీదున్న నా కొడుకులంతా ఇడువు ఇడువు అని ఒకటే కేకలు. పెద్దోళ్లు, కరణం కొడుకు కూడా. నాకు పద్దెనిమిదో పందొమ్మిదో. ఇడిసినా."

ఆ తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. దాని పేరేంటని అడిగితే, "కుక్కకి పేరేందిరా" అన్నాడు. ఆయనకి తన ఎద్దుల పేర్లు మూడు తరాలవి గుర్తున్నాయి. అందుకే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంతలో వంటింట్లోంచి అవ్వ గొంతు, "మల్లడు కదా దాని పేరు. నేను కాపరానికొచ్చిన ఏడే పోయింది. మూడు దినాలు అన్నం ముట్లేదు మీ తాత, మా నాయనొచ్చి బతిమలాడితే తిన్న్యాడు."

తాత ఆ మాట విననట్టు తువ్వాలు దులుపుకున్నాడు.

నేను ఫోన్లో ఆతకూరు రాయి ఫోటో తీసి చూపించాను. పెద్దది చేసి కుక్క ఎక్కడ పట్టుకుందో చూశాడు. కథ చెప్పాను, యుద్ధం, రాజు, కోరిక, గుట్ట, పంది, అన్నీ. శాసనంలో పందిని పందే అన్నారు తాతా, అప్పటి కన్నడంలో కూడా అదే మాట, అన్నాను. అది ఆయనకి ముఖ్యంగా తోచలేదు.

"ఇడిసినోడి పేరు రాసినారా?"

లేదన్నాను. రాజుల పేర్లున్నాయి, మణలెర పేరుంది, కుక్క పేరుంది. వదిలారు అని ఉంది, ఎవరు వదిలారో లేదు. మణలెరే వదిలాడో, తాడు పట్టుకున్న కూలివాడెవడో. నేను ఆ శాసనం గురించి అన్నిసార్లు చదివాను, ఆ ఖాళీ నా కంట పడలేదు.

"మిగిలిన కుక్కలు?"

వాటి గురించీ లేదు.

"ఒక్కదాన్నే ఇడిసుంటారు" అని ఫోన్ నా చేతికిచ్చి, చీకటి పడుతోందని ఆవుని కట్టేయడానికి లేచాడు.